ఎస్పెరాంతో పదాలు: ధాతువులు ఐరోపావి, అతుకులు మనకు తెలిసినవి

ఎస్పెరాంతో అన్న పేరు చెప్పగానే చదువుకున్న తెలుగువాడు సాధారణంగా రెండు మాటల్లో తీర్పు చెప్పేస్తాడు. అది ఎవరో కూర్చుని అల్లిన భాష. పైగా అందులో ఉన్నవన్నీ ఐరోపా మాటలే కనుక ప్రపంచ భాష అన్న పేరు దానికి చెల్లదు. కందుకూరులో తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన ఈ సంగతే నాతో ఇంకాస్త సూటిగా అన్నారు: "ఏందబ్బయా, మనకేమన్నా మాటలు కరువైనాయా? ఆ తెల్లోళ్ల మాటలన్నీ ఏరుకొచ్చి కుప్పేసిన భాష నీకెందుకు?" ఆ ప్రశ్నలో సగం నిజం ఉంది. ఎస్పెరాంతో ధాతువుల్లో అత్యధిక భాగం ఐరోపావేనన్న సంగతిని దాచవలసిన అవసరం ఎవరికీ లేదు. అయితే ఒక భాష మనకు ఎంత దూరమో తేల్చడానికి దాని ధాతువుల పుట్టుక ఒక్కటే చూస్తే చాలదనీ, ఆ ధాతువుల నుంచి కొత్త మాటలు ఎలా పుడుతున్నాయో కూడా చూడాలనీ, అలా చూసినప్పుడు ఎస్పెరాంతో నడక తెలుగువాడికి చాలావరకు పరిచయమైన నడకేననీ నా వాదన. ధాతువు అన్న మాటను ఇక్కడ క్రియాధాతువు అన్న ఇరుకైన అర్థంలో కాక, పదానికి మూలమైన ముక్క అన్న అర్థంలో వాడుతున్నాను.

లుద్విక్ జామెన్‌హోఫ్ 1859లో బియావిస్తోక్‌లో పుట్టాడు. ఇప్పుడు పోలండ్‌లో ఉన్న ఆ ఊరు అప్పుడు రష్యా సామ్రాజ్యంలో ఉండేది. యిడ్డిష్ మాట్లాడే యూదులు, పోలిష్ వాళ్లు, రష్యన్లు, జర్మన్లు ఒకే వీధుల్లో తిరుగుతూ ఒకరినొకరు నమ్మకుండా బతికిన ఊరది. పెద్దయ్యాక కంటి వైద్యుడైన జామెన్‌హోఫ్ 1887లో వార్సాలో, రష్యన్ భాషలో, డాక్టర్ ఎస్పెరాంతో అన్న మారుపేరుతో ఒక చిన్న పుస్తకం అచ్చువేయించాడు. ఆశపెట్టుకున్నవాడు అని ఆ పేరుకు అర్థం. తర్వాత అదే భాషకు పేరుగా స్థిరపడింది. ఆ పుస్తకంలో 16 వ్యాకరణ నియమాలు, సుమారు 900 ధాతువులతో ఒక పట్టిక ఉన్నాయి. అంత చిన్న పట్టికతో భాష నడుస్తుందని ఆయన ఎందుకు నమ్మాడన్నదే ఈ వ్యాసానికి అసలు విషయం. దానికంటే ముందు ఆ 900 ఎక్కడివో చూడాలి.

ఆయన మొదట ఎవరి మాటలూ తీసుకోకూడదనే అనుకున్నాడు. పొడవాటి మాటలెందుకు, ఒకటి రెండు అక్షరాల చిన్నచిన్న ధ్వనులను వరుసగా పేర్చి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క అర్థం ఇస్తే సరిపోతుంది కదా అని కుర్రతనంలో ఆలోచించాడు. ఎవరి పక్షమూ వహించని పదజాలం కావాలంటే అంతకంటే న్యాయమైన దారి ఉండదు. తన మీద తానే పరీక్షించి చూసుకుంటే అలాంటి మాటలు నేర్చుకోవడం కష్టంగానూ, గుర్తుపెట్టుకోవడం అంతకంటే కష్టంగానూ తోచి ఆ దారి వదిలేశాడు. ఈ సంగతి ఆయనే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. ఐరోపా ధాతువులను ఆయన ఎంచుకున్నది ఆ ప్రయత్నం విఫలమైన తర్వాత. అందరికీ సమానంగా కొత్తదైన భాష అందరికీ సమానంగా బరువవుతుందని అనుభవం మీద తెలుసుకున్నవాడిని కేవలం పక్షపాతి అనడం న్యాయం కాదు.

ఆ ధాతువుల్లో పెద్ద వాటా లాటిన్‌ది, దాని సంతతి అయిన ఫ్రెంచి, ఇటాలియన్ వంటి భాషలది. కిటికీని ఫెనెస్త్రో అనడం లాటిన్ నుంచి, గుర్రాన్ని చెవాలో అనడం ఫ్రెంచి నుంచి వచ్చాయి. కుక్కను హుందో అనడం జర్మన్ నుంచి, పక్షిని బిర్దో అనడం ఇంగ్లీషు నుంచి వచ్చాయి. పని సాధించుకోవడానికి తిరగడం, పాటుపడటం అన్న అర్థంలో క్లొపోది అనే క్రియ రష్యన్‌ది. చిన్న మాటల్లో ఎంపిక ఇంకా చిత్రంగా ఉంటుంది. 'మరియు' అనడానికి వాడే కయ్ గ్రీకు నుంచి, 'కానీ' అనే సెద్ లాటిన్ నుంచి, ప్రశ్నవాక్యం మొదట్లో వచ్చే చు పోలిష్ నుంచి, 'వెంటనే' అనే తుయ్ లిథువేనియన్ నుంచి వచ్చాయి. ధ్వనుల్లో కూడా మనవాళ్లకు ఒక చిన్న సౌకర్యం ఉంది. ఎస్పెరాంతోలో చకారాలు రెండు: ఒకటి మన 'చింత'లోది, ఇంకొకటి మన 'చలి'లోది. నూరును ఈ రెండవ ధ్వనితోనే త్సెంత్ అంటారు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాడు మాట మొదట్లో ఆ ధ్వని పలకడానికి తడబడతాడు. మనం చాప, చుక్క అన్నప్పుడల్లా దాన్ని పలుకుతూనే ఉన్నాం, లిపిలో తేడా చూపించడం మానేశాం, అంతే.

తెచ్చుకున్న మాటను తమదిగా చేసుకునే తీరు మరింత దగ్గరగా ఉంటుంది. ఎస్పెరాంతోలో ప్రతి నామవాచకమూ ఓకారంతో, ప్రతి విశేషణమూ ఆకారంతో ముగుస్తాయి. పరాయి మాట ఏది వచ్చినా, అది ఎంత గొప్ప భాషదైనా, ఆ తోక తగిలించుకున్నాకే లోపలికి రావాలి. తెలుగు వ్యాకరణం తత్సమాల విషయంలో చేసిన పని ఇదే: వృక్షానికి 'ము' చేర్చి వృక్షము, రామశబ్దానికి 'డు' చేర్చి రాముడు. బస్సు, రోడ్డు, పెన్ను అని ఇంగ్లీషు మాటల చివర ఉకారం చేర్చుకున్నవాళ్లకు ఎవరూ ఆ సూత్రం నేర్పలేదు. జామెన్‌హోఫ్ 15వ నియమం దాదాపు తత్సమ సూత్రమే. చాలా భాషలు ఒకే మూలం నుంచి తెచ్చుకుని వాడుతున్న మాటను ఎస్పెరాంతో కూడా, తన వర్ణక్రమంలో రాసుకుని, అలాగే వాడుకోవచ్చు. అయితే ఒకే మూలం నుంచి పుట్టిన మాటల గుంపు ఉంటే వాటిలో ఒక్క మూలపదాన్ని మాత్రమే తీసుకుని, మిగిలినవాటిని ఎస్పెరాంతో ప్రత్యయాలతోనే కట్టుకోవడం మేలు. ఈ నియమంలోని రెండవ సగం మనకు లేదు. మనం కవి, కవిత, కవిత్వం, కావ్యం అన్నింటినీ విడివిడిగా తెచ్చుకున్నాం, తయారైన సరుకుగానే.

ఈ దారిలో ఐరోపా బయటి ధాతువులు కూడా వచ్చాయి. ఉలవపాడు మామిడి గురించి ఎస్పెరాంతోలో రాయాలంటే మాంగో అనే రాయాలి. అది పోర్చుగీసు వాళ్ల ద్వారా ఐరోపాకు చేరిన దక్షిణాది మాట. తమిళ మలయాళాల్లో మామిడికాయకు ఉన్న పేరే దానికి మూలం. ఆ ధాతువు మీద చెట్టును సూచించే అర్బ్, సమూహాన్ని సూచించే ఆర్ చేరిస్తే మాంగర్బారో, అంటే మామిడితోపు, తయారవుతుంది. అయితే ద్రావిడ ధాతువు ఒకటి ఉందని సంబరపడటం నా ఉద్దేశం కాదు. అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పుట్టుక లెక్కే ప్రమాణమైతే తెలుగు కూడా ఆ పరీక్షలో నెగ్గదు. తెలుగు నుడికారానికి పెట్టింది పేరైన తిక్కన నెల్లూరులో కూర్చుని భారతం చెప్పినప్పుడు సంస్కృత పదాలు విడిచిపెట్టలేదు. మన ప్రకాశం సీమ కవి ఎఱ్ఱన అంతకంటే ఎక్కువే వాడాడు. వాళ్లు రాసింది సంస్కృతమని ఎవరైనా అంటారా? విభక్తులు, క్రియలు, సమాసాల అమరిక తెలుగువి కాబట్టి అది తెలుగే. ఎస్పెరాంతో విషయంలో మాత్రం మనం ధాతువుల పట్టిక చూసి పుస్తకం మూసేస్తున్నాం.

జామెన్‌హోఫ్ నికొలాయ్ బొరోవ్‌కో అనే మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఒక సంగతి చెప్పాడు. ఉన్నత పాఠశాలలో చదువుతున్న రోజుల్లో, నిఘంటువుల బరువు చూసి భాషానిర్మాణం మీద ఆశ సన్నగిల్లుతున్న సమయంలో, ఒక చోట తలుపు మీద ష్వెయ్‌త్సార్‌స్కాయా అన్న పలక మీద ఆయన దృష్టి పడింది. కాపలాదారు గది అని దానికి అర్థం. ఆ పలకను అంతకుముందు ఎన్నోసార్లు చూశాడు. ఆ తర్వాత కొందితెర్‌స్కాయా అని మిఠాయి అంగడి పలక కనిపించింది. రెండింటికీ చివర ఉన్న స్కాయా ఒకటే. ఒక తోక తెలిస్తే దాన్ని ఎన్ని మాటలకైనా తగిలించుకోవచ్చు, తగిలించిన ప్రతి మాటా మళ్లీ కంఠస్థం చేయవలసిన పని తప్పుతుంది. ఆ క్షణంలో ఆ బ్రహ్మాండమైన నిఘంటువులు తన కళ్ల ముందే కుదించుకుపోవడం మొదలైందని ఆయన రాశాడు. 900 ధాతువులు చాలునన్న ధైర్యం అక్కడిది.

ఆ ఉత్తరం చదివిన తర్వాత ఒంగోలు ట్రంకు రోడ్డు మీద నడుస్తూ మన పలకల తోకలు చూడటం నాకు అలవాటైంది. పాఠశాల, వైద్యశాల, గ్రంథాలయం, కార్యాలయం, న్యాయస్థానం, కర్మాగారం, అతిథిగృహం. శాల, ఆలయం, స్థానం, ఆగారం, గృహం అన్నీ చోటునే సూచిస్తున్నాయి, కానీ ఏది దేనికి అతుకుతుందో విడివిడిగా నేర్చుకోవాలి. పాఠాలయం అని రాస్తే పిల్లవాడికి మార్కులు పోతాయి. ఎస్పెరాంతోలో వీటన్నిటికీ ఏయ్ అన్న ఒకే తోక ఉంది. నేర్చుకునే చోటు లెర్నేయో, వండే చోటు కుయిరేయో, చదువుకునే చోటు లెగేయో, అమ్మే చోటు వెన్‌దేయో, న్యాయం తీర్చే చోటు యుజేయో, వరి పండే చోటు రిజేయో. ఆసుపత్రికి ఉన్న మాట విప్పి చూడదగినది. సాన్ అంటే ఆరోగ్యం, మల్ అంటే దానికి విరుద్ధం, ఉల్ అంటే ఆ గుణం ఉన్న మనిషి, ఏయ్ అంటే చోటు, చివరి ఓ నామవాచకపు గుర్తు. వరసగా కలిపితే మల్‌సనులేయో, ఆరోగ్యం లేనివాళ్లు ఉండే చోటు. ఆ మాట ఒక్కసారి కూడా విననివాడు, ముక్కలు తెలిసి ఉంటే, విన్న క్షణంలోనే అర్థం చేసుకుంటాడు. జామెన్‌హోఫ్ తన తొలి పుస్తకంలో నమూనా పాఠాలను ముక్కలు విడదీసి అచ్చువేయించింది ఇందుకే. చిన్న పట్టిక చేతిలో ఉంటే భాష రానివాడు కూడా ఉత్తరం చదువుకోగలగాలని ఆయన కోరిక.

సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసే కేంద్రం విషయం చూడండి. మన తీరం వెంట బోరు వేస్తే ఉప్పునీరు పడే ఊళ్లకు ఇది పుస్తకాల సంగతి కాదు. ఎస్పెరాంతోలో ఉప్పు సాలో. లేకుండా అన్నదానికి సెన్, చేయడానికి ఇగ్, చోటుకు ఏయ్. అన్నీ చేరిస్తే సెన్‌సలిగేయో. మన పత్రికా భాషలో దీనికి నిర్లవణీకరణ కేంద్రం అన్న మాట ఉంది. నిర్, లవణ, ఈకరణ, కేంద్రం: సెన్, సాల్, ఇగ్, ఏయ్. ముక్కకు ముక్క సరిపోయింది. నిర్మాణంలో రెండింటికీ ఆవగింజంత తేడా లేదు. మరి ఎస్పెరాంతో కొద్ది నెలలు నేర్చిన మనిషి సెన్‌సలిగేయోను తనంతట తాను కట్టగలిగితే, తెలుగు పుట్టుకతో వచ్చిన పదో తరగతి విద్యార్థి నిర్లవణీకరణను విప్పలేక ఎందుకు ఆగిపోతున్నాడు? సంస్కృతం పరాయిది కావడం వల్ల అని కొందరు అంటారు. నాకది సరైన కారణంగా కనిపించదు. సాల్ ఎస్పెరాంతో వాడికి పరాయిది కాదా? ఎస్పెరాంతో నేర్చినవాడు ఇగ్ అన్న ముక్కను ప్రతిరోజూ కొత్త మాటలకు తగిలిస్తూ ఉంటాడు, మన పిల్లవాడు ఈకరణాన్ని ఒక్కసారి కూడా తన చేత్తో దేనికీ తగిలించి ఎరగడు. తేడా అక్కడుంది.

అలాగని తెలుగుకు సొంత ముక్కలు లేవా అంటే ఎస్పెరాంతో ప్రత్యయాల పట్టిక ముందు పెట్టుకుంటే అవి ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ఇగ్‌కు జంటగా ఇజ్ అనే ప్రత్యయం ఉంది. మొదటిది ఒకదాన్ని అలా చేయడం, రెండవది దానంతట అది అలా కావడం. బలమైన అన్న అర్థంలో ఫొర్తా మీద ఫొర్తీగి, ఫొర్తీజి వస్తాయి. తెలుగులో చెప్పాలంటే బలపరచు, బలపడు. స్థిరపరచు, స్థిరపడు; మెరుగుపరచు, మెరుగుపడు. పరచు, పడు అన్న జంట ఎంత క్రమంగా నడుస్తుందో మనం గమనించనైనా గమనించం. ఇంగ్లీషులో స్ట్రెంగ్తెన్ అన్న ఒక్క మాటే ఈ రెండు పనులూ చేయవలసి వస్తుంది. ఇంకా ఉన్నాయి. బోనాకు ఎత్స్ చేరిస్తే బొనేత్సో, మంచికి తనం చేరిస్తే మంచితనం. ఒక పని చేసే స్వభావాన్ని ఎమ్ అన్న ముక్కతో చెబుతారు: తగవులాడే స్వభావమైతే క్వెరెలేమా, మన జగడాలమారి. నిద్రకు దొర్మ్ ధాతువు కనుక దొర్మెమూలో మన నిద్రపోతు. వేటాడేవాడు చసీస్తో, మనకు వేటగాడు. చివరి మాటలో ఒక తేడా ఉంది. వేటకు కాడు చేరితే మనకు కకారం గకారమైంది. సంధి మన చెవికి ఇంపు, నేర్చుకునే పరాయివాడికి పరీక్ష. ఎస్పెరాంతోలో ఏ ముక్క ఎక్కడ చేరినా రూపం మారదు.

మరొక తేడా మన ప్రత్యయాలు గిరి గీసుకుని ఉండటం. తిండిపోతు, తాగుబోతు, నిద్రపోతు అన్నాం గానీ, పని అంటే ఇష్టమున్నవాణ్ణి పనిపోతు అనం. ఎస్పెరాంతోలో ఎమ్‌కు అలాంటి గిరి లేదు. పని ఇష్టపడేవాడు లబొరేమా, పొదుపు చేసేవాడు ష్పరేమా, భయపడేవాడు తిమేమా. మంచిదైనా చెడ్డదైనా స్వభావమైతే చాలు.

ప్రశ్నార్థకాల పట్టిక చూపించినప్పుడు కందుకూరు పెద్దాయన మొదటిసారి కుర్చీలో ముందుకు జరిగారు. తీయె అంటే అక్కడ, కీయె అంటే ఎక్కడ. తీయమ్ అప్పుడు, కీయమ్ ఎప్పుడు. తీయోమ్ అంత, కీయోమ్ ఎంత. తీయెల్ అలా, కీయెల్ ఎలా. "ఇది మన త్రికమే కదా!" అన్నారు. ఆ, ఈ, ఏ అనే మూడు సర్వనామాలను మన వ్యాకరణంలో త్రికం అంటారు. అక్కడ, ఇక్కడ, ఎక్కడలు ఆ మూడింటి నుంచి పుట్టినవే. ఎస్పెరాంతోలో మొదటి ముక్కలు ఐదు, చివరి ముక్కలు తొమ్మిది, మొత్తం 45 మాటలు. దగ్గరిదాన్ని చూపే వరస అందులో విడిగా లేదు. తీయె పక్కన చి చేర్చి చి తీయె అంటే ఇక్కడ. మనం ఎక్కడకు ఓ చేర్చి ఎక్కడో అంటాం, ఎప్పుడుకు చేర్చి ఎప్పుడో అంటాం. వాళ్లు అదే పనిని మాట మొదట్లో చేసి ఈయె, ఈయమ్ అంటారు. ఇంగ్లీషు వేర్, దేర్, వెన్, దెన్ దాకా వచ్చి ఆ తర్వాత క్రమం తప్పుతుంది. తెలుగు తప్పదు.

పదనిర్మాణంలో ఎక్కువ తగాదా జరిగింది ధాతువుకు సొంత స్వభావం ఉంటుందా లేదా అన్న దాని మీద. మార్తేలో అంటే సుత్తి. దాని తోక మార్చి మార్తేలి అంటే సుత్తితో కొట్టు. అదే లెక్కన దువ్వు అనే అర్థమున్న కోంబికి ఓకారం పెట్టి కోంబో అంటే దువ్వెన కావాలి కదా? కాదు, అది దువ్వడం అనే పని. దువ్వెన కావాలంటే పనిముట్టును సూచించే ఇల్ చేర్చి కోంబీలో అనాలి. సుత్తిది వస్తు ధాతువు, దువ్వుది క్రియా ధాతువు. తోక మార్చినా లోపలి స్వభావం పోదు. ప్రసిద్ధ భాషావేత్త ఫెర్డినాండ్ ద సొస్యూర్ తమ్ముడు, గణితవేత్త అయిన రెనే ద సొస్యూర్ 1910 ప్రాంతంలో ఈ విషయం మీద పట్టుదలగా పనిచేశాడు. 1967లో ఎస్పెరాంతో అకాడమీ కూడా ధాతువులకు ఇలాంటి స్వభావం ఉందన్న దృష్టితోనే పదనిర్మాణ సూత్రాలను ప్రకటించింది. తెలుగు ఈ సంగతిని ఎప్పుడూ పాటిస్తూనే ఉంది. దువ్వు నుంచి దువ్వెన పుట్టింది, పని నుంచి పనిముట్టు. కత్తెర నుంచి కత్తిరించు పుట్టింది, పనిముట్టు నుంచి పని. ఎస్పెరాంతోలో కత్తెరకు దారి తిరగబడుతుంది: కత్తిరించు తోంది, కత్తెర తోందీలో. నేర్చుకునేవాళ్లు విసుక్కునే చోటు ఇదే. ఇక్కడ ఏ భాషవాడైనా ధాతువును దాని స్వభావంతో సహా గుర్తుపెట్టుకోక తప్పదు, మనకు మాత్రం ఆ విసుగు కొంచెం తక్కువ.

అన్ని మాటలూ ఇంత శుభ్రంగా పుట్టలేదు. భర్తను ఎస్పెరాంతోలో ఎద్‌జో అంటారు, భార్యను ఎద్‌జీనో. భర్తకు ఆడవారిని సూచించే ఇన్ చేరిస్తే భార్య అయినట్టు కనిపిస్తుంది. చరిత్ర దీనికి తలకిందులు. యువరాణి అనే జర్మన్ మాట చివరి భాగం నుంచి ముందు భార్య పుట్టిందనీ, దాని నుంచి ఇన్ తీసేస్తే మిగిలిన ఎద్‌జ్ భర్త అయిందనీ వివరిస్తారు. యిడ్డిష్‌లో యూదుల మతగురువైన రబ్బీ భార్యను పిలిచే రెబెత్సిన్‌ను కూడా దీని పక్కన పెడతారు. పెళ్లికాని అమ్మాయి అనే జర్మన్ ఫ్రాయ్‌లైన్ నుంచి ఫ్రౌలీనో వచ్చి, అందులోంచి పెళ్లికాని అబ్బాయి ఫ్రౌలో వచ్చినట్టే. కృత్రిమ భాష కనుక ఇలాంటి విడ్డూరాలు అనుకుంటామేమో, కానీ సంస్కృతంలో విధవ అనే మాటకు జరిగింది ఇదే. అది లాటిన్ విదువాకు, ఇంగ్లీషు విడోకు జ్ఞాతి. వి అన్నది అందులో ఉపసర్గ కాదు. తర్వాతి వాళ్లు దాన్ని ఉపసర్గగా విడదీసి, మిగిలిన ధవ శబ్దానికి భర్త అని అర్థం ఇచ్చారు. సుర శబ్దం కూడా అసుర నుంచి ఇలాగే ఊడివచ్చింది. వేల ఏళ్ల భాషలో జనం చేసిన పనినే ఒక కుర్రవాడు వార్సాలో చేశాడు.

విరుద్ధాన్ని చెప్పే మల్ మీద వచ్చే వెక్కిరింతకు ఎక్కువ చోటు ఇవ్వనవసరం లేదు. చెడ్డను మల్‌బోనా అనడం, చల్లదనాన్ని మల్‌వార్మా అనడం పేదరికమని నవ్వేవాళ్లు రోజూ అనారోగ్యం, అన్యాయం, అధైర్యం అంటూనే ఉన్నారు. కవిత్వానికి ఆ మాటలు బరువని కొందరు ఎస్పెరాంతో కవులు చల్లనికి ఫ్రీదా, విచారానికి త్రీస్తా వంటి పొట్టి మాటలు తెచ్చుకున్నారు. అది వాళ్ల హక్కు. మామూలు మనిషికి మల్ చాలు.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నలోని నిజమైన సగానికి రావాలి. ఎస్పెరాంతోలో ఐరోపా ఎక్కడ బలంగా కూర్చుందంటే, ధాతువుల ధ్వనిలో కంటే అవి లోకాన్ని కోసిన తీరులో కూర్చుంది. తోడబుట్టినవాడు ఫ్రాతో. అన్నా తమ్ముడా? ఆ మాట చెప్పదు. మన ఇళ్లలో వయసు తెలియకుండా తోడబుట్టినవాణ్ణి పిలిచే వీలే లేదు. అన్న అన్నప్పుడు గౌరవం, తమ్ముడు అన్నప్పుడు చనువు ఆ మాటలోనే ఉన్నాయి. ఓంక్లో అంటే మేనమామా, బాబాయా, పెదనాన్నా? మేనమామకు పిల్లనిచ్చే ఆచారం ఉన్న మా ప్రాంతంలో ఆ తేడా తెలియకపోతే పెళ్లిమాటలు కూడా నడవవు. పెద్ద అనో, తల్లి వైపు అనో విశేషణాలు చేర్చి చెప్పవచ్చు, చెబుతారు కూడా. కానీ ధాతువు గీసిన గీత ఐరోపా కుటుంబానిదే. ఇంకొకటి నాకు అసలు మింగుడుపడదు. తండ్రి పాత్రో, తల్లి పాత్రీనో. అంటే తల్లి ఆడతండ్రి. తల్లికి సొంత ధాతువు ఇవ్వని భాషను ఈ ఒక్క విషయంలో నేను సమర్థించలేను. మగవారిని సూచించడానికి కూడా ఒక ప్రత్యయం ఉండాలని ఇచ్ అన్న ముక్కను కొందరు వాడుతున్నారు. అది అధికారికం కాలేదు, కానీ వాళ్ల అసంతృప్తి న్యాయమైనది.

పశువుల మాటల్లో కనిపించే లోటు వేరే రకం, దాన్ని ఐరోపా మీదికి నెట్టడం కుదరదు. ఒంగోలు జాతి పశువును పెంచే ఇంట్లో లేగదూడ, కోడెదూడ, పెయ్యదూడ, గిత్త, ఎద్దు, ఆంబోతు, చూడి ఆవు, పాడి ఆవు, గొడ్డుటావు అని వేర్వేరు మాటలు నడుస్తాయి. ఎస్పెరాంతోలో బోవ్ ధాతువు మీద ఆవు బొవీనో, దూడ బొవీదో, మంద బొవారో, కొట్టం బొవేయో అవుతాయి. ఒక్క ధాతువుతో ఇంత పని జరగడం నేర్చుకునేవాడికి గొప్ప మేలు. కానీ పొద్దున్నే లేచి పేడ తీసి, దూడను విడిచి, పాలు పితికే మనిషికి పెయ్య వేరు, కోడె వేరు; ఒకటి ఇంట్లో ఉంటుంది, ఒకటి సంతకు పోతుంది. కట్టిన మాట వివరిస్తుంది, స్థానిక మాట పేరు పెట్టి పిలుస్తుంది. ఏ అంతర్జాతీయ భాషా పెయ్యకు పేరు పెట్టలేదు, పెట్టవలసిన పని కూడా దానిది కాదు.

ఎస్పెరాంతో నిర్మాణాన్ని ఐరోపా భాషలతో కంటే ఆసియా భాషలతో పోల్చడం సబబని స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త, అనువాదకుడు క్లోద్ పిరోన్ వాదించాడు. ఆయన ప్రధానంగా చైనా భాషను దృష్టిలో పెట్టుకున్నాడు. ముక్కలు మారకపోవడంలో ఆ పోలిక సరిపోతుంది. కానీ ముక్క వెనక ముక్క అతుక్కుంటూ పోయి ఒకే పొడుగు మాట కావడంలో తెలుగు వంటి ద్రావిడ భాషలు అంతకంటే దగ్గరివని నా నమ్మకం. చేయించినవాళ్లందరిలోనూ అన్న మాటను విప్పి చూసుకున్నవాడికి మల్‌సనులేయో పొడుగుగా కనిపించదు.

ఈ పద్ధతి పాతబడిపోలేదు. కంప్యూటర్ వచ్చినప్పుడు లెక్కించు అనే కోంపూతి ధాతువుకు పనిముట్టు ప్రత్యయం చేర్చి కోంపూతీలో అన్నారు. వలకు రేతో అని పేరు ఉంది కనుక ఇంటర్నెట్‌లో ఒక చోటు, అంటే వెబ్‌సైట్, రెతేయో అయింది. వార్సాలో 1887 నాటి పట్టికలో ఉన్న ఏయ్ ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. మనం వెబ్‌సైట్ అనే అంటున్నాం, అందులో తప్పు లేదు. కానీ కొత్త మాట కావలసిన ప్రతిసారీ అయితే ఇంగ్లీషును యథాతథంగా దించుకోవడం, లేకపోతే ఎవరి నాలుకకూ అలవాటు లేని సంస్కృత ముక్కలు అతికించడం, ఈ రెండే దారులన్నట్టు మన పత్రికలూ ప్రభుత్వ కార్యాలయాలూ ప్రవర్తించడం నాకు బాధ కలిగిస్తుంది. తనం, గాడు, అరి, మారి, పరచు, పడు, ఇంచు వంటి మన ముక్కలను ఎస్పెరాంతో పాఠ్యపుస్తకంలో లాగా ఒక పట్టికగా వేసి, ఎనిమిదో తరగతి పిల్లల చేత మాటలు కట్టించే అభ్యాసం తెలుగు వాచకంలో ఉండాలి. సంధులు విడదీయమని అడుగుతున్నాం, మంచిదే. కొత్తగా కలపమని కూడా అడగాలి.

పెద్దాయనతో ఈ సంగతి మాట్లాడుతూ నిర్లవణీకరణకు బదులు ఏమనవచ్చని అడిగాను. ఆయన ఎక్కువసేపు ఆలోచించలేదు. కాలువల్లో మట్టి తీయడాన్ని పూడికతీత అని పత్రికలవాళ్లే రాస్తున్నారు, చేలో పనిని కలుపుతీత అని రైతులు అంటున్నారు, మరి నీళ్లలో ఉప్పు తీయడం ఉప్పుతీత ఎందుకు కాకూడదు అన్నారు. ఉప్పుతీత కేంద్రం అని పలక రాస్తే రొయ్యల చెరువు మీద కాపలా ఉండే మనిషి కూడా ఎవరినీ అడగకుండా చదివి అర్థం చేసుకుంటాడు. తీత అన్న ముక్క ఇప్పటికే వాడుకలో ఉంది కనుక, రేపు నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే యంత్రం వచ్చినా దానికి పేరు వెతుక్కోవలసిన పని ఉండదు.